“ముందు టూరిస్టుగా రండి, వీసా సంగతి తర్వాత చూద్దాం” అంటే?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఎం.ఏ. ఇంగ్లిష్, బి.ఎడ్. చేశాను. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. జీతం 19 వేలు, మే నెలకు అదీ ఉండదు. మా బావగారికి తెలిసిన కన్సల్టెన్సీ ద్వారా థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్ దగ్గర ఒక స్కూల్లో ఇంగ్లిష్ టీచరుగా ఆఫర్ వచ్చింది. నెలకు 35 వేల బాత్‌లు, వసతి ఉచితం. వాట్సాప్‌లో పావుగంట ఇంటర్వ్యూ చేశారు. ఏప్రిల్ 6న చేరాలట. కన్సల్టెన్సీ ఫీజు లక్షా 80 వేలు. అందులో 60 వేలు ఈ శుక్రవారంలోగా కట్టమంటున్నారు. అమ్మ బంగారం కుదువ పెడితే తప్ప అంత డబ్బు సర్దలేను. ముందు వీసా లేకుండా టూరిస్టుగా వెళ్లాలి, అక్కడికి వెళ్లాక స్కూలువాళ్లు వర్క్ వీసాకు మారుస్తారు, “అందరూ అలాగే వెళ్తారు” అంటున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ముందే ఇవ్వాలట. అమ్మకు భయంగా ఉంది. బావగారేమో “తెలిసినవాళ్లే కదా, అనుమానిస్తే బాగుండదు” అంటున్నారు. ఈ ఉద్యోగం నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి? ఇక్కడ రాజీనామా ఎప్పుడు ఇవ్వాలి?
– ఒక టీచర్, ఖమ్మం

సమాధానం: శుక్రవారం డబ్బు కట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇల్లు దాటనివ్వకండి. ఈ రెండూ ఖాయం చేసుకున్నాక మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ ఆఫర్ చూడగానే కొట్టిపారేయవలసినదేమీ కాదు. థాయ్‌లాండ్‌లో స్కూళ్లు విదేశీ ఇంగ్లిష్ టీచర్లను పెద్ద సంఖ్యలో తీసుకుంటాయి. ఫిలిప్పీన్స్ నుంచి వెళ్లినవాళ్లు అక్కడ చాలామంది, మనవాళ్లూ ఉన్నారు. 35 వేల బాత్‌లంటే మన డబ్బులో 90 వేల పైమాటే. అది నమ్మలేనంత పెద్ద జీతమూ కాదు. మోసగాళ్లు సాధారణంగా ఇంతకంటే ఎక్కువే ఊరిస్తారు. మీ చేతిలో బి.ఎడ్. ఉంది, తరగతి గదిలో అనుభవం ఉంది. ఇలాంటి ఉద్యోగానికి మీరు తగరని ఎవరూ అనలేరు. నా అనుమానం మీ అర్హత మీదా కాదు, ఆ దేశం మీదా కాదు. “ముందు టూరిస్టుగా వెళ్లాలి” అన్న ఒక్క మాట మీద.

నిజామాబాద్, జగిత్యాల వైపు ఏ ఊళ్లోనైనా పెద్దవాళ్లను అడగండి, విజిట్ వీసా కథలు గంటల తరబడి చెబుతారు. దుబాయ్‌కి విజిట్ వీసా మీద పంపడం, అక్కడ దిగాక మారుస్తామనడం, మార్చకపోవడం, చివరికి కంపెనీ గేటు బయట నిలబడ్డ మనిషి చట్టవిరుద్ధంగా ఉన్నవాడిగా మిగలడం. కడప, కోనసీమల నుంచి కువైట్ వెళ్లినవారికీ ఈ కథ కొత్త కాదు. చదువుకున్నవాళ్లకు, టీచర్లకు ఇలా జరగదని మనం అనుకుంటాం. పద్ధతి మాత్రం అదే, దేశం పేరు ఒక్కటే మారింది.

సక్రమంగా జరిగితే ఈ పని ఎలా ఉంటుందో చెబుతాను, మీ ఏజెంటు చెప్పినదాని పక్కన పెట్టి చూసుకోండి. ముందుగా స్కూలు మీకు నియామక లేఖ, ఒప్పందం ఇస్తుంది. విదేశీ టీచరును తీసుకుంటున్నందుకు తమ దేశపు విద్యా శాఖ నుంచి సమ్మతి లేఖ తెస్తుంది. ప్రైవేటు స్కూళ్లకు, ప్రభుత్వ స్కూళ్లకు అక్కడ వేర్వేరు కార్యాలయాలు ఉన్నాయి. ఆ లేఖ, స్కూలు లైసెన్సు నకలు మీకు పంపుతారు. వాటికి మీ డిగ్రీలు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ జతచేసి, మీరు ఖమ్మంలో కూర్చునే ‘నాన్ ఇమిగ్రెంట్ బి’ అనే ఉద్యోగ వీసాకు దరఖాస్తు చేస్తారు. 2025 జనవరి నుంచి భారతీయులకు ఇదంతా థాయ్ ప్రభుత్వ ఈ-వీసా వెబ్‌సైట్‌లోనే. ఆ వీసాతో దిగితే మొదట 90 రోజులు ఉండనిస్తారు. ఈలోగా స్కూలు మీ పేరిట కార్మిక శాఖ నుంచి వర్క్ పర్మిట్ తీసుకుంటుంది. తర్వాత ఉండే గడువును ఏడాదికి పొడిగిస్తారు. ఇవి కాక ఖురుసపా అని వాళ్ల ఉపాధ్యాయ మండలి ఒకటి ఉంది. స్కూల్లో పాఠం చెప్పడానికి దాని లైసెన్సో తాత్కాలిక అనుమతో కావాలి. బి.ఎడ్. ఉండటం అక్కడ మీకు కలిసివచ్చే విషయం. ఇంగ్లిష్ మాతృభాష కాని దేశాలవారిని టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోరు అడగడం కూడా మామూలే. మీ ఉత్తరంలో ఖురుసపా పేరు లేదు, టోయిక్ ఊసు లేదు. ఫీజు మాత్రం రూపాయలతో సహా ఉంది.

ఏజెంటు దీనికి ఒక జవాబు చెబుతాడు: “టూరిస్టుగా వెళ్లి అక్కడే మార్చుకోవడం జరుగుతుంది మేడమ్, అబద్ధం కాదు.” నిజమే, జరుగుతుంది. వీసా లేకుండా దిగినవారు అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయంలో నిర్ణీత రుసుము కట్టి వీసా రకం మార్చుకునే వీలుంది. పక్కనున్న లావోస్‌కు వెళ్లి అక్కడి నుంచి వీసా తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అయితే ఆ మార్పిడికైనా కావలసింది పైన చెప్పిన ఆ స్కూలు కాగితాలే. అవి ఇప్పుడు సిద్ధంగా ఉంటే ఖమ్మం నుంచే దరఖాస్తు చేయవచ్చు. సిద్ధంగా లేకపోతే అక్కడికి వెళ్లినా మార్చలేరు. అతన్ని అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే: “కాగితాలు ఉన్నాయా, లేవా? ఉంటే నాకెందుకు పంపరు?” దీనికి సూటిగా జవాబు రాదు. “మీకెందుకు మేడమ్, అవన్నీ మేం చూసుకుంటాం” అని వస్తుంది.

టూరిస్టుగా పంపడంలో వాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. 2024 జూలైలో థాయ్‌లాండ్ భారతీయ పర్యాటకులకు వీసా లేకుండా 60 రోజులు ఉండే అవకాశం ఇచ్చింది. విహారానికి వెళ్లేవాళ్లకు అది వరం. ఏజెంట్లకు అంతకంటే పెద్ద వరం, ఎందుకంటే వీసా ఖర్చు లేదు, స్కూలు కాగితాలతో పని లేదు, తిరస్కరణ భయం లేదు. విమానం ఎక్కించగానే వాళ్ల పని పూర్తయిపోతుంది. అక్కడి నుంచి ఏది తేడా వచ్చినా భరించవలసింది మీరే. 2017లో తెచ్చి 2018లో సవరించిన అక్కడి చట్టం ప్రకారం, వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికిన విదేశీయులకు 5 వేల నుంచి 50 వేల బాత్‌ల వరకు జరిమానా వేసి దేశం నుంచి పంపేస్తారు. ఆ తర్వాత రెండేళ్లపాటు వర్క్ పర్మిట్ ఇవ్వరు. యజమానికీ జరిమానా ఉంది, కానీ అతను తన ఇంట్లోనే ఉంటాడు. గడువు దాటి ఉండిపోతే రోజుకు 500 బాత్‌లు, గరిష్ఠంగా 20 వేలు. ఖమ్మంలో కూర్చున్న ఏజెంటు మీద వీటిలో ఒక్క బాత్ కూడా పడదు.

ఇంకో సంగతి. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లే విదేశీయులు ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక రాక పత్రం నింపాలి. ఏ పని మీద వస్తున్నారో చెప్పే గడి అందులో ఉంటుంది. ఉద్యోగం అన్న ఎంపిక కూడా ఉంటుంది. దాన్ని వదిలేసి విహారం అన్న చోట మీ చేత్తో గుర్తు పెట్టమంటారు. శంషాబాద్ కౌంటరులో అడిగితే ఫలానా బీచ్ చూడటానికి వెళ్తున్నానని చెప్పమంటారు. చేతికి ఒక హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ ఇచ్చి, అవి తర్వాత రద్దు చేస్తారు. తరగతిలో కాపీ కొట్టిన పిల్లవాడిని నిలబెట్టే మీరు, సంతకం పెట్టి అబద్ధం చెప్పి ఆ దేశంలో అడుగు పెట్టాలన్నమాట. నీతి సంగతి అలా ఉంచండి. రేపు స్కూలు జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి వెళ్లినప్పుడు మొదట బయటపడేది మీ అబద్ధమే. మిమ్మల్ని నోరెత్తకుండా చేయడానికి వాళ్లకు అదొక్కటి చాలు.

ఇప్పుడు తేదీ చూడండి. ఏప్రిల్ 6న చేరాలన్నారు. థాయ్ స్కూళ్లలో విద్యా సంవత్సరం మే మధ్యలో మొదలై మార్చిలో ముగుస్తుంది. ఏప్రిల్ అంటే అక్కడ మండు వేసవి, సెలవులు, 13 నుంచి 15 వరకు సాంగ్‌క్రాన్ పండుగ. దేశమంతా వీధుల్లో నీళ్లు చల్లుకునే రోజులు. ఆ నెలలో కొన్ని చోట్ల వేసవి తరగతులు నడుస్తాయి, కొత్త టీచర్లను కాస్త ముందుగా రమ్మనేవాళ్లూ ఉంటారు, కాబట్టి ఈ తేదీని బట్టే మోసం అని తేల్చలేను. కానీ పిల్లలు లేని స్కూల్లో ఏప్రిల్ 6న మీరు ఎవరికి పాఠం చెబుతారు? ఈ ప్రశ్న స్కూలునే అడగండి. నిజమైన స్కూలైతే వెంటనే కారణం చెబుతుంది. ఏజెంటుకు అక్కడి స్కూళ్ల క్యాలెండరే తెలియదంటే, అతను ఎన్ని స్కూళ్లకు టీచర్లను పంపి ఉంటాడో మీరే ఊహించుకోండి.

స్కూలునే అడగండి అన్నాను కదా, ఆ అడగడం ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి, అసలు కీలకం ఇక్కడే ఉంది. ఏజెంటు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఏజెంటు మనిషే ఎత్తుతాడు. ఆఫర్ లెటర్‌లో స్కూలు పేరు ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆ పేరు థాయ్ లిపిలో పంపమని అడగండి. థాయ్ లిపిలో వెతికితేనే మ్యాపులో అసలు భవనం, అసలు నంబరు, స్కూలు ఫేస్‌బుక్ పేజీ దొరుకుతాయి. థాయ్ స్కూళ్లు ఫేస్‌బుక్‌లో బాగా చురుగ్గా ఉంటాయి. ఉదయం జెండా వందనం, క్రీడా దినోత్సవం, విదేశీ టీచర్లకు పూలదండలు, అన్నీ అక్కడే పెడతారు. పాత ఫొటోలు వెనక్కి జరుపుతూ చూడండి. గత సంవత్సరాల్లో విదేశీ టీచర్లు కనిపిస్తే మంచి సూచన. పేజీ పుట్టి రెండు నెలలే అయి, నాలుగు భవనాల బొమ్మలు తప్ప పిల్లల మొహాలు లేకపోతే అక్కడితో ఆగిపోండి.

నంబరు దొరికాక మీరే ఫోన్ చేయండి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. మన ఎనిమిదిన్నర అంటే వాళ్లకు పది. ఇంగ్లిష్ విభాగం బాధ్యులతో మాట్లాడతానని చెప్పండి. ఆఫీసులో ఎత్తినవారికి ఇంగ్లిష్ రాక ఫోన్ పెట్టేసినా నొచ్చుకోకండి, అది మామూలే. స్కూలు ఈమెయిల్‌కు ఆఫర్ లెటర్ నకలు పంపి, “ఇది మీరు ఇచ్చిందేనా?” అని రాయండి. సెలవులైనా ఆఫీసు పనిచేస్తుంది, రెండు మూడు రోజుల్లో జవాబు వస్తుంది. జవాబిచ్చిన మెయిల్ స్కూలు సొంత చిరునామా నుంచి వచ్చిందా, ఎవరైనా ఉచితంగా తెరుచుకోగల ఖాతా నుంచి వచ్చిందా చూడండి. చిన్న స్కూళ్లు ఉచిత ఖాతాలే వాడటం కద్దు. అలాంటప్పుడు ఆ చిరునామా వాళ్ల ఫేస్‌బుక్ పేజీలో కూడా ఉందేమో సరిపోల్చండి.

స్కూలు దొరికి, ఆఫర్ తమదేనని చెబితే, వీడియో కాల్ అడగండి. ఈసారి ఇంటర్వ్యూ చేసేది మీరు. ఎన్ని తరగతులు, ఒక్కో తరగతిలో ఎందరు పిల్లలు, వారానికి ఎన్ని పీరియడ్లు, ఖురుసపా అనుమతి కోసం ఏ పద్ధతిలో దరఖాస్తు చేస్తారు, మీకు ముందున్న విదేశీ టీచరు ఎందుకు మానేశారు, ఇవన్నీ అడగండి. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న విదేశీ టీచరు ఒకరితో, స్కూలువాళ్లు పక్కన లేకుండా పది నిమిషాలు మాట్లాడించమనండి. వారు చెప్పేది ఆఫర్ లెటర్ కంటే విలువైనది. జీతం ఏ తేదీకి పడుతుంది, ఎప్పుడైనా ఆలస్యమైందా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది అని వారిని అడగాలి. పాస్‌పోర్టు భద్రం కోసం ఆఫీసులో పెట్టుకుంటాం అన్నారంటే ఒప్పుకోవద్దు. అది భారత ప్రభుత్వ ఆస్తి అని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది.

అమ్మగారి భయం గురించి. ఆమె వార్తలు చూసే భయపడి ఉంటారు, ఆ వార్తలు అబద్ధాలు కావు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగం అని బ్యాంకాక్‌లో దింపి, అక్కడి నుంచి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని మే సోట్ అనే సరిహద్దు పట్టణానికి కారులో తీసుకెళ్లి, మోయీ నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడీలో సైబర్ మోసాల కేంద్రాలకు అప్పగించిన ఉదంతాలు ఎన్నో. మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరిక జారీ చేసింది. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో రెండు విడతలుగా 549 మంది భారతీయులను మే సోట్ నుంచి తీసుకొచ్చారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అంతకు ముందు 2024 మేలో కంబోడియాకు యువకులను ఇలాగే పంపిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ కావలసింది ఇంగ్లిష్ రాయగలిగి, కంప్యూటర్ వాడగలిగినవాళ్లు. ఆ లెక్కన టీచర్ కూడా వాళ్లకు పనికొస్తారు. మీ ఆఫర్ అలాంటిదే అనడం లేదు. అయితే ఎవరు ఏ కారు ఎక్కమన్నా, స్కూలు ఏ జిల్లాలో ఉందో మ్యాపులో మీకు ముందే తెలిసి ఉండాలి. ఒప్పందంలో “అవసరాన్ని బట్టి సంస్థకు చెందిన ఏ శాఖకైనా, ఏ పనికైనా మార్చవచ్చు” అన్న వాక్యం ఉంటే అది కొట్టేయించకుండా సంతకం పెట్టవద్దు.

ఇక కన్సల్టెన్సీ. విదేశీ ఉద్యోగానికి మనిషిని పంపే ఎవరికైనా, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాంగ శాఖలో రిజిస్ట్రేషన్ ఉండాలి. విద్యార్థులను పంపే కన్సల్టెన్సీ బోర్డు దానికి సరిపోదు. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంది. పేరు, లైసెన్సు నంబరు, చిరునామా మూడూ సరిపోవాలి. ఎక్కడో ముంబయిలో ఉన్న లైసెన్సుదారు పేరు చెప్పుకుని ఇక్కడ తిరిగే సబ్ ఏజెంటుకు ఆ లైసెన్సు వర్తించదు. రిజిస్టరైన ఏజెంటు కూడా మీ దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీకి పరిమితి ఉంది: 30 వేలు, దాని మీద జీఎస్టీ. మొత్తం 35,400 రూపాయలు, రసీదుతో. మీ దగ్గర అడుగుతున్నది లక్షా 80 వేలు. టికెట్, వీసా రుసుములు అని లెక్క చెబితే విడివిడిగా రాసివ్వమనండి. బ్యాంకాక్ టికెట్ ధర మీకే తెలుసు, వీసా లేకుండానే వెళ్లమంటున్నారు కాబట్టి వీసా రుసుము సున్నా. మిగిలిన లక్ష ఎక్కడికి పోతుందో వాళ్లే చెప్పాలి. డబ్బు వ్యక్తిగత యూపీఐకి వేయమంటే అసలు వేయకండి.

మీ విషయంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేదు. క్లియరెన్స్ అవసరమైన 18 దేశాల జాబితాలో థాయ్‌లాండ్ కూడా ఉంది. చదువు తక్కువున్న కార్మికుడు అక్కడికి పనికి వెళ్తుంటే అతని ఒప్పందాన్ని ఒక ప్రభుత్వాధికారి చూసి అనుమతి ఇవ్వాలి. పీజీ చేసిన మీ ఒప్పందాన్ని అలా చూసేవాళ్లు ఎవరూ లేరు. చదువుకున్నవాళ్లు తమ సంగతి తామే చూసుకుంటారని ప్రభుత్వం నమ్మకం. కాబట్టి ఆ అధికారి చేయవలసిన పని మీరే చేయాలి. సాయం కావాలంటే హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. 1800 11 3090 అన్న ఉచిత నంబరుకు చేసి ఏజెంటు గురించి అడగవచ్చు. విదేశీ నియామకాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించవచ్చు. ఆంధ్రప్రదేశ్ పాఠకులకైతే ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది.

బావగారితో ఎలా మాట్లాడాలన్నది మీకు ఏజెంటు కంటే పెద్ద సమస్య అని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. “తెలిసినవాళ్లు” అన్న మాటతో మన ఇళ్లలో ఎన్ని సంతకాలు చదవకుండా పెట్టించారో లెక్కలేదు. ఆయనతో వాదించకండి, ఏజెంటు మోసగాడని అనకండి. ఆ మాట రుజువు చేయలేరు, బంధుత్వం చెడుతుంది. పని ఆయనకే అప్పజెప్పండి. “బావగారూ, మీకు తెలిసినవాళ్లు కాబట్టి మీరు అడిగితే కాదనరు. స్కూలు లైసెన్సు నకలు, విద్యా శాఖ సమ్మతి లేఖ, థాయ్ లిపిలో స్కూలు పేరు, ఈ-మైగ్రేట్ నంబరు తెప్పించండి. అవి రాగానే నేను ఇక్కడి నుంచే వీసాకు పెడతాను, వీసా వచ్చిన రోజు నిబంధన ప్రకారం ఫీజు కడతాను” అనండి. ఇందులో ఎవరినీ అవమానించే మాట లేదు. తెచ్చివ్వగలిగితే మంచిదే. తేలేకపోతే ఆ తెలిసినవాళ్ల సంగతి ఆయనకే తెలుస్తుంది. మీరు నోరు విప్పవలసిన అవసరం ఉండదు.

బంగారం విషయంలో మాత్రం నేను కటువుగానే చెబుతాను. కుదువ పెట్టి వెళ్లినవాళ్లు అక్కడ ఏం జరిగినా తిరిగి రాలేరు. వడ్డీ పెరుగుతుంటుంది, ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలన్న సిగ్గు వేరే. జీతం సగమే ఇచ్చినా, పని రెండింతలు చెప్పినా భరిస్తారు. చెడ్డ యజమానికి కావలసింది సరిగ్గా అలాంటి టీచరే. బంగారం ముట్టకుండా కుదిరే ఉద్యోగమైతేనే వెళ్లండి.

అన్నీ నిజమని తేలినా ఒప్పందం ఒకసారి లెక్క కట్టి చూడాలి. ముందు చూడవలసింది యజమాని పేరు: స్కూలా, టీచర్లను సరఫరా చేసే ఏజెన్సీయా? అక్కడ ఏజెన్సీ నియామకాలు చాలా ఎక్కువ, అవి చట్టవిరుద్ధమూ కావు. కానీ వాళ్ల ఒప్పందాలు తరచూ పది నెలలవి. అక్టోబరు సెలవులకు, వేసవి సెలవులకు జీతం ఉండకపోవచ్చు. 35 వేల చొప్పున పది నెలలంటే మూడున్నర లక్షలు. పన్నెండు నెలలకు పంచితే నెలకు 29 వేల చిల్లర. మే నెల జీతం ఎగ్గొట్టే స్కూలును వదిలి, ఏకంగా రెండు నెలలు ఎగ్గొట్టే చోటుకు వెళ్లకండి. ఏడాదిలోపు మానేస్తే ఇంత కట్టాలన్న షరతు ఉందా, శని ఆదివారాల్లో క్యాంపులు ఉంటే అదనంగా ఇస్తారా, ఉచిత వసతి అంటే గది ఒక్కరికా ముగ్గురికా, ఇవి రాతలో ఉండాలి. వసతి లేదని అక్కడికి వెళ్లాక తేలితే గది అద్దెకు ఇచ్చేవారు రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్స్ అడుగుతారు. మొదటి జీతం నెలాఖరుకు గాని రాదు. రెండు నెలల ఖర్చుతో పాటు తిరుగు టికెట్ డబ్బు కూడా మీ సొంత ఖాతాలో ఉండాలి.

వెళ్లాక మనసు కష్టపెట్టుకోకుండా ఇంకొకటి ముందే చెబుతాను. అదే స్కూల్లో, అదే పాఠానికి, బ్రిటన్ నుంచో అమెరికా నుంచో వచ్చి బి.ఎడ్. లేని కుర్రవాడికి మీకంటే ఎక్కువ జీతం ఉండవచ్చు. ప్రకటనల్లోనే ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారే కావాలని రాస్తారు. కొరియా కూడా తన ఇంగ్లిష్ టీచర్ వీసాను ప్రధానంగా ఏడు ఇంగ్లిష్ దేశాల పౌరులకే ఇస్తుంది. అన్యాయమే. కానీ ఆ అన్యాయాన్ని తెలిసి ఒప్పుకుని వెళ్లడం వేరు, అక్కడ స్టాఫ్ రూములో తెలుసుకుని కుమిలిపోవడం వేరు.

చివరిగా రాజీనామా. వీసా మీ పేరిట మంజూరై, ఒప్పందం మీద స్కూలు సంతకం ఉన్న ప్రతి మీ దగ్గరకు వచ్చేదాకా ఇక్కడ ఎవరికీ చెప్పకండి. తొందర కూడా లేదు. మన స్కూళ్లు ఏప్రిల్ చివరి వారంలో మూసి జూన్ 12న తెరుస్తాయి, వాళ్లవి మే మధ్యలో తెరుస్తారు. ఉద్యోగం నిజమైనదైతే ఏప్రిల్ జీతం తీసుకుని సెలవుల్లో వెళ్లడానికి సరిగ్గా సరిపోతుంది. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో పోలీస్ క్లియరెన్స్‌కు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఖర్చు 500 రూపాయలు, ఈ స్కూలు కాకపోతే మరో స్కూలుకు పనికొస్తుంది. అనుభవ ధ్రువపత్రం కూడా ఉన్నత చదువు కోసమనో మరో కారణంతోనో ఈ నెలలోనే తీసుకుని పెట్టుకోండి. రాజీనామా ఇచ్చాక ఆ ఒక్క కాగితం కోసం మన ప్రైవేటు స్కూళ్లు ఎలా తిప్పుతాయో మీకు తెలియనిది కాదు.